షికారు: ఒక మాట, రెండు అర్థాలు

ఉర్దూ విభాగపు మిత్రులకు ‘షికార్’ అనగానే తుపాకి, మంచె, గాయపడిన మృగం స్ఫురిస్తాయి. తెలుగు విద్యార్థులకు అదే మాట సాయంకాలపు విహారాన్ని తెలుపుతుంది. ఫారసీ నుండి వచ్చిన ఈ పదం తెలుగు నేలపై ఆయుధాన్ని విడిచి వినోదాన్ని మిగుల్చుకొన్నది. మన అభయారణ్యాల నియమాలు ఇప్పటికీ మొదటి షికారును ఎదుర్కొనడానికే సన్నద్ధమై ఉన్నాయనీ, రెండవ షికారు వాటి కంటికి సరిగా ఆనడం లేదనీ మా అభిప్రాయం.

నల్లమలలో మన్ననూరు దాటి కొండమీదికి వెళ్తే ఫరహాబాద్ వస్తుంది. ‘ఫరహ్’ అనగా ఆనందం. నిజాం కాలంలో ఆ ఆనందం వేటగాళ్ళది. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసినప్పుడు ఈ అడవిలోనూ విడిది చేశారు. పక్షిని కాల్చి, నమూనాగా భద్రపరచి, గుర్తించడమే నాటి శాస్త్రపద్ధతి. ఆ మహనీయుని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. తుపాకి, గుడారం ఒకనాడు విద్యకు సైతం ఉపకరణాలే అని గుర్తుచేస్తున్నాము. తరువాత కాలం మారింది. 1978లో ఇది అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ కేంద్రమయింది. రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణ భాగం అమ్రాబాద్ పేరిట వేరుపడింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఎవరూ ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించరాదని అందులోని 31వ సెక్షను శాసిస్తున్నది. 34వ సెక్షను మరికొంత ముందుకు పోయి, అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల నివసించే తుపాకి లైసెన్సుదారులందరూ, ప్రకటన వెలువడిన మూడు నెలల్లో తమ పేర్లు నమోదు చేసుకోవాలన్నది. మంచిదే. కాని నల్లమల విషయంలో ఆ మూడు నెలలు గడచి నాలుగు దశాబ్దాలు దాటాయి. నాటి లైసెన్సుదారులలో ఎందరో గతించి ఉంటారు. తుపాకులు వారసులకు చేరి ఉంటాయి. ఆ పట్టికను నిర్ణీత కాలానికొకసారి సరిచూడాలన్న నిబంధన ఆ సెక్షనులో కానరాదు. చేర్చవలసిన మొదటి మాట అది.

అంతకన్న ఆలోచింపదగినది ‘ఆయుధం’ అనే పదానికి చట్టమిచ్చిన నిర్వచనం. తుపాకితోపాటు విల్లు, బాణం, కత్తి, వల, ఉచ్చు, విషం అందులో ఉన్నాయి. చివరికి జంతువును మభ్యపెట్టి రప్పించగల పరికరం కూడ ఉన్నది. అక్షరాలా చదివితే, తేనెపట్టు కోయడానికి కత్తి పట్టుకొని బయలుదేరిన చెంచువాడు సాయుధుడు. సెల్‌ఫోనులో పక్షికూత వినిపించి, తన హద్దులోకి మరొక పక్షి చొరబడిందని భ్రమింపజేసి, ఫొటో కోసం దానిని గూటినుండి రప్పించే పట్నవాసి కూడ అదే నిర్వచనం కిందికి రావలసినవాడే. కాని గేటు దగ్గర సోదా జరిగేది ఎవరి సంచికి? చెంచు కుటుంబాలకు తేనెకత్తి, గొడ్డలి విషయమై 31వ సెక్షను కిందనే సామూహికంగా వ్రాతపూర్వకమైన అనుమతి ఇవ్వవచ్చును. దానివల్ల వేట పెరుగుతుందన్న భయం అక్కరలేదు. వేటను 9వ సెక్షను విడిగా నిషేధించియే ఉన్నది.

ఇక గుడారాలు. ప్రవేశానికి అనుమతిపత్రం కావాలనీ, షరతులతో, రుసుముతో దానిని ఇయ్యవచ్చుననీ 28వ సెక్షను చెప్పి ఊరకున్నది. గుడారాలు ఎన్ని, మనుషులు ఎందరు, పాటలు ఎంత రాత్రివరకు అనే వివరాలు షరతులలో రావలసినవే. కావున ఈ సంస్కరణకు పార్లమెంటు కోసం కాచుకొని కూర్చోనక్కరలేదు. అధికారుల సంకల్పం చాలును.

ముఖ్యమైనది నిప్పు. అభయారణ్యానికి ‘ప్రమాదం కలిగే రీతిలో’ మంట వేయరాదని 30వ సెక్షను అంటుంది. ప్రమాదం కలుగుతుందో లేదో ఎవరు తేల్చాలి? చలిమంట చుట్టూ చేరి పాడుకొనే ఇరవై ఏళ్ళ కుర్రవాడా? నల్లమల ఆకురాల్చే అడవి. మాఘం వెళ్ళేసరికి నేలంతా ఎండుటాకు, ఎండుగడ్డి. ఆర్పివేశామనుకొన్న కుంపటి తెల్లవారుజామున గాలికి మళ్ళీ రాజుకొంటుంది. ఫిబ్రవరి నుండి మే చివరి వరకు సందర్శకుల మంట ఏ రీతిలోనైనా నిషిద్ధమని అనుమతిపత్రంపైననే అచ్చువేయాలి.

ఎవరినీ లోపలికి పోనీయకుంటే ఈ బాధలే లేవుగదా అనేవారున్నారు. వారితో మేము ఏకీభవించము. అడవిని ఎన్నడూ చూడని యువకుడు రేపు దాని పక్షాన నోరు విప్పుతాడని మాకు నమ్మకం లేదు. సంరక్షణ కేంద్రపు మూలప్రాంతంలో ఇరవై శాతానికి మించకుండా సందర్శనను అనుమతించవచ్చునని 2012లో వెలువడిన కేంద్ర మార్గదర్శకాలు కూడ పూర్తి నిషేధం కోరలేదు.

మా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. రాబోయే విహారయాత్రకు అనుమతి ఇచ్చేముందు పైన చెప్పిన సెక్షన్లను ఉర్దూలోను, తెలుగులోను ఒకే కాగితంపై వ్రాయించి ప్రతి విద్యార్థి చేత సంతకం చేయించండి. ఉర్దూ ప్రతిలో ‘షికార్’ నిషిద్ధమని వ్రాస్తే చాలును. తెలుగు ప్రతిలో మాత్రం ఏ షికారో విడమరచి వ్రాయవలసి ఉంటుంది. లౌడ్‌స్పీకరు పెట్టెను హాస్టలు దాటనీయకండి.