పదికి పది మార్కులు!

మార్నింగ్ షో టాక్ విని బొమ్మ జాతకం చెప్పేసే అలవాటు మనలో చాలామందికుంది. నాకూ ఉంది. 'స్పైడర్‌లాండ్' మొదటిసారి విన్నప్పుడు 'ఇందులో పాటేదీ?' అనుకుని సగంలో ఆపేశాను. పొరపాటు నాదే!

ఇది అమెరికాలో కెంటకీ రాష్ట్రపు లూయిస్‌విల్ కుర్రాళ్ళు నలుగురు చేసిన రాక్ ఆల్బమ్. బృందం పేరు స్లింట్. అందరూ ఇరవై ఏళ్ళకి అటూ ఇటూ వాళ్ళే. 1990 ఆగస్టులో షికాగో వెళ్ళి నాలుగంటే నాలుగు రోజుల్లో రికార్డింగు ముగించారు. ఉన్నవి ఆరే ట్రాకులు. బ్రయన్ మెక్‌మాహన్ చాలాచోట్ల పాడడు, చెవిలో కథ చెప్పినట్టు గొణుగుతాడు. గిటార్లు పిల్లిలా నడిచి నడిచి ఒక్కసారిగా మీద పడతాయి. చివరి ట్రాకులో అతను పెట్టే కేకకి ఒళ్ళు జలదరిస్తుంది.

1991లో రికార్డు రిలీజయ్యేసరికి బృందమే లేదు! విడిపోయారు. కచేరీల్లేవు. 'ఆసక్తిగల గాయనీమణులు రాయండి' అన్న ప్రకటన మాత్రం అట్ట వెనక అలాగే మిగిలిపోయింది.

వీళ్ళ తొలి ఆల్బమ్ రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీ మాత్రం బ్రిటిష్ వారపత్రిక 'మెలొడీ మేకర్'లో పదికి పది వేసి, పదేళ్ళకి దీని విలువ తెలుస్తుందన్నాడు. జోస్యం ఫలించింది. చేతులు మారి మారి, 'పోస్ట్ రాక్' బాణీకి అది పెద్దబాలశిక్ష అయింది. 2005లో నలుగురిలో ముగ్గురు మళ్ళీ వేదికెక్కారు. 2014లో వీళ్ళమీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

అన్నట్టు, నేనిప్పుడు ఇంటర్వెల్లో లేచి వచ్చేయడం మానేశాను. మరి మీరో?