గృహయంత్ర విషయములు: మేల్కొనని లినక్సు డిస్కు

పాత కంప్యూటరును పాఱవేయక లినక్సు నెక్కింపఁబూని డిస్కు వ్రాసికొన్న సోదరీమణులు, యంత్రము దానిని గైకొనకున్నచో నిరాశ చెందవలదు. మేమును మొదట నిట్లే భంగపడితిమి.

ముందుగా డిస్కును తెఱచి చూడుఁడు. లోపల ఐఎస్ఓ ఫైలొక్కటియే కనఁబడినచో, దానిని ఇమేజిగా వ్రాయక వట్టి ఫైలుగా నెక్కించితిమని యర్థము. బియ్యము నుడికింపకయే వడ్డించినట్లు. పెక్కు ఫోల్డర్లు కనఁబడినచో, మూలఫైలుయొక్క 64 అక్షరముల ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యను పంపిణీదారులు ప్రకటించిన దానితో సరిచూడుఁడు. ఒక్క యక్షరము భేదించినను ఫైలును మరల దింపుకొనవలయును. సరిపోయినచో, తక్కువ వేగమున క్రొత్త డిస్కు వ్రాసి, బయాసు క్రమములో డీవీడీని మొదట నుంచుఁడు.

స్థాపనకు ముందే పిల్లల ఫోటోలను వేఱొకచోట భద్రపఱచుఁడు. డిస్కు పోయినచో మఱియొకటి వ్రాసికొనవచ్చును. ఆ ముద్దుమొగముల నెవరు తెచ్చియిత్తురు?