అపవాదు – అపవాదం

"అవన్నీ దొంగ హెచ్చరికలు మావయ్యా, పట్టించుకోనక్కరలేదు" అన్నాడు మా మేనల్లుడు. సముద్రపు అలల ఎత్తును గణించే ఒక ఫోర్ట్రాన్ ప్రోగ్రాము వాడి బృందం పోషణలో ఉన్నది. దానిని వాల్‌గ్రిండ్ కింద నడిపితే వేలకొద్దీ ఫిర్యాదులు వచ్చాయట. (వాల్‌గ్రైండ్ కాదు, వాల్‌గ్రిండ్. నార్సు పురాణాలలో వల్హల్లా ముఖద్వారం పేరది.) దానికి వారు చేసిన చికిత్స: ఫిర్యాదులో ఫలానా లైబ్రరీ పేరు ఎక్కడ కనబడినా నోరు మూయించే సప్రెషన్ ఫైలొకటి వ్రాసిపెట్టడం. ఆ మాట విన్నది మొదలు నాకు మనసు మనసులో లేదు.

ఉపకరణం పొరబడదని నా వాదం కాదు. విలువ నింపారా లేదా అన్న లెక్కను అది మెమరీలోని ప్రతి బిట్టుకూ వ్రాసుకుంటుంది. ఖాళీ విలువను ఒకచోటి నుండి మరొకచోటికి మోసినంత మాత్రాన గొడవ చేయదు. ఆ విలువను బట్టి ఒక నిర్ణయం జరిగితేనే అరుస్తుంది. అయితే ఎంపీఐ వాడే గణనలలో కొన్ని నెట్‌వర్కు కార్డులు నేరుగా మెమరీలో వ్రాస్తాయి. ప్రాసెసరు ఆదేశాలను మాత్రమే చూసే ఈ కావలివాడికి నిండిన కుండ కూడా ఖాళీగానే కనిపిస్తుంది. పైథాన్ మెమరీ కేటాయింపుదారు 2021 వరకు తెలిసి తెలిసీ ఖాళీ చోటులోకి తొంగిచూసేది. అందుకే పైథాన్‌వారూ ఓపెన్ ఎంపీఐవారూ తమ సప్రెషన్ ఫైళ్లను తామే పంచిపెడుతున్నారు. ఇవి నిజంగా అపవాదులే.

అపవాదును తొలగించడానికి అపవాదసూత్రం వ్రాయవలసిందే. కాని ఎట్లా వ్రాయాలి? ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. దానికి సడలింపు ఇచ్చేటప్పుడు చిన్నయసూరి "ఎక్కడో కొన్నిచోట్ల" అని చేయి దులుపుకోలేదు. ప్రథమేతర విభక్తులలోని ఉకారం, శత్రర్థక చువర్ణంలోని ఉకారం అని హద్దు గీసి, అక్కడ మాత్రమే వికల్పమన్నాడు. మావాడి ఫైలులో హద్దూ లేదు, హేతువూ లేదు. కారణం చెప్పలేని హెచ్చరికను అబద్ధమనే హక్కు ఎవరిచ్చారు?

ఇది చాదస్తమనుకునేవారు డెబియన్ కథ వినాలి. 2006 మే నెలలో, వాల్‌గ్రిండ్ సణుగుడు భరించలేక ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో రెండు పంక్తులను తీసివేశారు. (మూలకర్తల చర్చావేదికలో అడిగే తీసివేశారు!) ఒక పంక్తి విషయంలో హెచ్చరిక నిరపాయకరమే. రెండవదో, యాదృచ్ఛికత అంతా లోపలికి వచ్చే ద్వారం. ఇక మిగిలిన ఆధారం ప్రాసెస్ సంఖ్య ఒక్కటే. అది 32,768కి మించదు. రెండేళ్లపాటు ఎన్నో యంత్రాల తాళంచెవులు లెక్కపెట్టి ఊహించగలిగినవయ్యాయి. లుసియానో బెల్లో కనిపెట్టగా, 2008 మే 13న సంగతి లోకానికి వెల్లడైంది. ఆ రెండేళ్లూ ఉపకరణం నిశ్శబ్దంగానే ఉన్నది.

శాస్త్రగణనలో దీనికన్నా మెత్తని పాపం మరొకటున్నది: అరుపు మాన్పించడానికి శ్రేణులన్నిటినీ సున్నాతో నింపడం. వాల్‌గ్రిండ్ శాంతిస్తుంది, తప్పు మాత్రం మర్యాదస్థుల వేషం వేస్తుంది. తీరం పక్కన అల ఎత్తు సున్నా అని వస్తే ఎవరు శంకిస్తారు? పరీక్షలో ఖాళీగా వదిలిన జవాబు నాకు కనబడేది. ఏదో గిలికి నింపినదే కన్నుగప్పేది. జీఫోర్ట్రాన్‌లో స్థానిక చరరాశులను "సంఖ్య కాదు" అనే విలువతో నింపమనే సదుపాయమున్నది. దానిని వాడితే తప్పు ఫలితంలో తానే బయటపడుతుంది. కాని అది ఎవరికి కావాలి? సున్నా సుఖం.

మావాడితో రెండు వారాలు వాదించాను. చివరికి ఆ ఫైలును పక్కన పెట్టి, ఖాళీ విలువ ఎక్కడ పుట్టిందో చెప్పే ట్రాక్ ఆరిజిన్స్ ఐచ్ఛికంతో మళ్లీ నడిపాడు. యంత్రం ఆ రాత్రంతా మూలిగిందట. ఒకే మూలం నుండి వచ్చినవాటిని గుంపులు చేస్తే, ఆ వేలన్నీ పదకొండుగా తేలాయి. ఎనిమిదింటికి కారణం దొరికింది. ఒక్కొక్కదానికి పిలుపుల వరుస పూర్తిగా వ్రాసి, పైన ఒక వ్యాఖ్య పెట్టి అణచాడు. రెండు తమ ప్రోగ్రాములోని తప్పులే. శ్రేణి అంచు గడులు నింపకుండానే చదువుతున్నారు. ఇంకొకటి మిగిలింది. దానిని అణచవద్దన్నాను. "సరే మావయ్యా" అన్నాడు, విసుగ్గానే.