తీరం దాటిన తుపాను మన చెలకల మీదికే

తుపాను అనంగనే మనోళ్లకు యాదికొచ్చేది కోస్తా. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమలో కూలిన కొబ్బరి చెట్లు. నల్లగొండ, పాలమూరు రైతుకు సముద్రంతో ఏం పని అన్నట్టు ఉంటది. టీవీలో ‘తుపాను తీరం దాటింది’ అని చెప్పంగనే గండం గడిచిందని పట్టాలు మడిచి పెడుతున్నారు. అసలు మనకు మొదలయ్యేదే అప్పుడు. తీరం దాటినంక గాలి బలం తగ్గుతది గాని మబ్బులో నీళ్లు తగ్గవు. అది వాయుగుండంగా, అల్పపీడనంగా మారుకుంట మన మీదికి వచ్చి ఒకటి రెండు రోజులు కురిసి పోతది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా కోస్తాలో తీరం దాటింది. తెల్లారి దేవరకొండ, అచ్చంపేట దిక్కు కుండపోత పడింది.

ఆ తారీఖు మళ్లొకసారి చూడండి. అక్టోబరు 28 అంటే స్వాతి కార్తె. 2012లో నీలం తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది అక్టోబరు 31న, అదీ స్వాతే. 2014లో విశాఖపట్నాన్ని కూల్చిన హుద్‌హుద్ అక్టోబరు 12, చిత్త కార్తె. 2013 నవంబరులో హెలెన్, లెహర్ వారం తేడాతో మచిలీపట్నం దిక్కు వచ్చినయి, అనూరాధ. చిత్త నుంచి అనూరాధ దాకా, అంటే అక్టోబరు 10 మొదలు డిసెంబరు తొలి రోజుల దాకా బంగాళాఖాతానికి ఇది కాలమే. ఒక్కోసారి అది కూడా దాటుతది, 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర వచ్చింది.

మరి వానలు దంచే శ్రావణ భాద్రపదాల్లో తుపాన్లు ఎందుకు రావు? తుపానుకు రెండు కావాలె. సముద్రం పైనీళ్లు 26, 27 డిగ్రీలకు పైన వెచ్చగుండాలె, మీద గాలి నెమ్మదిగుండాలె. నైరుతి జోరు మీదున్నప్పుడు కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి గట్టిగా కొడతయి. లేస్తున్న మబ్బు నడుం విరిచినట్టయితది. అందుకే అప్పుడు అల్పపీడనాలే గాని తుపాన్లు అరుదు. నైరుతి వెనక్కి మళ్లినంక గాలి సద్దుమణుగుతది, నీళ్ల వేడి మాత్రం అట్లనే ఉంటది. నైరుతికి ముందు ఏప్రిల్, మే నెలల్లోనూ ఇదే తీరు. అట్లాంటిక్ సముద్రంలో హరికేన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా ఒక్కటే, సెప్టెంబరులో జోరు ఎక్కువ. మన సముద్రానికి రెండు కాలాలు. అమెరికాలో జార్జియా పత్తి రైతులకు 2018 అక్టోబరు 10న మైఖేల్ హరికేన్ వచ్చింది, సరిగ్గా కాయ పగిలిన పత్తి మీద. అంత పెద్ద దేశం రైతుకైనా పగిలిన పత్తి మీద వాన పడితే చేసేదేమీ లేదు.

మన సంగతీ అంతే. మృగశిరలో పెట్టిన పత్తి నాలుగు నెలలకు, అంటే చిత్త, స్వాతిలోనే మొదటి ఏరుడుకు వస్తది. తడిస్తే రంగు మారుతది, గింజ మొలకెత్తుతది, కింది కాయ కుళ్లుతది. ఎండబెట్టి తీసుకపోతే సీసీఐ వాళ్లు తేమ చూస్తరు. 12 శాతం దాటితే మద్దతు ధర లేదు, దళారి చెప్పిందే ధర. 2025లో దీనికి తోడు కపాస్ కిసాన్ యాప్ వచ్చింది, స్లాటు దొరికిన రోజే పోవాలె. స్లాటుకు మబ్బుతో పని లేదు.

వరిది ఇంకో లెక్క. తెలంగాణ సోనా 125 రోజుల పంట, సాంబ మసూరి 150 రోజులు. జూన్ రెండో వారంలో సోనా నారు పోస్తే చిత్తలో కోత. జులై మొదట్లో సాంబ మసూరి పోస్తే నవంబరు ఆఖర్లో కోత. రెండూ గండంలోనే ఉన్నయి, ఏ రకం పెట్టినా పూర్తిగా తప్పించుకునేది లేదు. కాబట్టి ఉన్న మూడెకరాలు ఒకే తారీఖుకు కోతకు రాకుండ రెండు రకాలో, పక్షం రోజుల తేడాతో రెండు నార్లో చూసుకోవాలె. ఊరంతా ఒకేసారి కోతకొస్తే మిషన్ దొరకదు. పొలం తడిస్తే టైరు మిషన్ దిగదు, చైన్ మిషన్ కిరాయి వేరే.

ఇంకో మాట. పేరున్న తుపానుకే భయపడితే సరిపోదు. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే దానికి పేరు పెడతరు. 2009 అక్టోబరు మొదట్లో అలంపురం, రాజోలిని ముంచిన వరదకు పేరున్న తుపాను ఏదీ కారణం కాదు. 2013 అక్టోబరు చివరి వారంలో నల్లగొండ పత్తిని, వరిని పాడు చేసిన వానకు కూడా పేరు లేదు. వాతావరణ శాఖ ప్రతి గురువారం రెండు వారాల ముందుచూపు చెప్తది. మంగళ, శుక్రవారాల్లో రైతులకు సలహాలు వస్తయి, మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే ఉంటయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడ్డ రోజే పగిలిన పత్తి ఏరుకోవాలె, కూలి ఎక్కువైనా సరే.

రైతు చేసేది రైతు చేస్తడు. సర్కారు చేయాల్సింది సర్కారు చేస్తున్నదా? ఈ కాలం కొత్తది కాదు, ప్రతి ఏడూ వచ్చేదే. అయినా వడ్లు కల్లంలోకి వచ్చినంక కేంద్రం తెరిచే ఏర్పాట్లు మొదలు పెడతరు. తేమ 17 శాతానికి దిగేదాకా కుప్ప ఆరుబయటే. టార్పాలిన్లు, తేమ మిషన్లు, ఆరబెట్టే మిషన్లు చిత్త కార్తె రాకముందే కేంద్రాల్లో ఉండాలె. ఇక పంటల బీమా. ఫసల్ బీమాలో కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల దాకా తుపాను, అకాల వాన, వడగండ్ల నష్టం కింద రక్షణ ఉన్నది. మన రాష్ట్రం 2020 వానాకాలం నుంచి ఆ పథకంలోంచి బయటికి వచ్చింది. 2023 మిచౌంగ్‌కు కోసిన పంట తడిస్తే ఆ 14 రోజుల మాట మన రైతుకు పనికిరాలేదు.

రెండో కాలం ఎండాకాలానిది. 1990 మే 9, 2010 మే 20న లైలా లాంటివి ఉన్నా, అప్పుడు మనకు ఎక్కువ నష్టం తుపానుతో కాదు, ఈదురుగాలి, వడగండ్లతో. కాలిన భూమి మీదికి సముద్రపు తేమ వచ్చి మధ్యాహ్నం తిరిగినంక మబ్బు కమ్ముతది, అరగంటలో అంతా అయిపోతది. కొల్లాపూర్ మామిడి రాలుతది, యాసంగి వరి గింజ రాలుతది. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఆ గాలికి గోడ కూలి మనుషులే పోయిండ్రు. దానికి వారం ముందు కబురు ఉండదు. వరికి ఉన్న దారి ఒకటే, మార్చి ఆఖరుకు కోత అయిపోవాలె. అట్ల కావాలంటే తక్కువ రోజుల రకం నారు నవంబరు 10 లోపు పోయాలె. బోరు కింది రైతు పోయగలడు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ రైతు నారు ఎప్పుడు పోసేది కాలువ నీళ్లను బట్టి ఉంటది. ఆ నీళ్లు ఏ తారీఖున వదిలేదీ అక్టోబరులోనే చెప్పాలె.