బాకీ వేరు... బాకి వేరు!

సైనిక్‌పురిలో ఓ అపార్ట్‌మెంట్ సంఘం నెలవారీ మెయింటెనెన్స్ లెక్కలకు చిన్న వెబ్‌సైట్ పెట్టుకుందనుకుందాం. ప్రోగ్రామ్ పీహెచ్‌పీలో ఉంది. పింఛను మీద బతికే ఓ విశ్రాంత హవల్దారు మూడు నెలల డబ్బు, 4,500 రూపాయలు, ఒకేసారి కట్టేశారు. రసీదూ వచ్చింది. అయినా ఒకటో తేదీన నోటీసు బోర్డుమీద బకాయిదారుల జాబితాలో ఆయన పేరే ముందు! సైన్యంలో పరువుగా బతికిన మనిషికి అదెంత తలవంపు?

తప్పు ఎక్కడంటే, ప్రోగ్రామ్‌లో అంతటా ‘బాకీ’ అని రాసి, డబ్బు ముట్టాక సున్నా చేసేచోట మాత్రం ‘బాకి’ అని రాశారు. (పీహెచ్‌పీలో తెలుగు పేర్లూ పెట్టుకోవచ్చు. గుడిదీర్ఘం పోతే దాని దృష్టిలో అది వేరే పేరు.) ‘బాకి’ అనే గడి లేకపోయినా పీహెచ్‌పీ పాత వెర్షన్లు నోరెత్తేవి కావు. అప్పటికప్పుడు కొత్త గడి తెరిచి, అందులో సున్నా వేసి ఊరుకునేవి. అసలు గడిలో 4,500 అలాగే ఉండిపోయేది.

మందు సులువే. ఖాతా నమూనాను ‘క్లాస్’ అంటారు. అందులో ఉండే ఫ్లాట్ నంబరు, యజమాని, బాకీ లాంటి ‘ప్రాపర్టీ’లను మొదట్లోనే పేరుపేరునా ప్రకటించాలి. మాజీ సైనికుల కోసం వెలసిన సైనిక్‌పురిలో ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కిట్ జాబితాలో లేని వస్తువు పెట్టెలో దొరికితే తనిఖీలో ఏమవుతుందో అక్కడివాళ్లకు తెలుసు.

ప్రకటించకుండా పుట్టిన ప్రాపర్టీ ఎప్పుడూ ‘పబ్లిక్’కే, ఎవరైనా మార్చేయొచ్చు. 2004లో ఐదో వెర్షన్ వచ్చాక ‘ప్రైవేట్’ అని ప్రకటించి దాచుకునే వీలు కలిగింది. 2019లో వచ్చిన 7.4తో బాకీ గడిలో అంకెలే ఉండాలని షరతు కూడా పెట్టొచ్చు.

2022 డిసెంబరులో వచ్చిన 8.2 నుంచి, మామూలు క్లాసుల్లో ప్రకటించని ప్రాపర్టీ పుడితే పీహెచ్‌పీ హెచ్చరిస్తోంది. పని మాత్రం ఆపదు. తొమ్మిదో వెర్షన్‌లో దీన్ని ఎర్రర్‌గా మార్చాలని అప్పుడే అనుకున్నారు. ఈ హెచ్చరిక రాకుండా క్లాస్ నెత్తిన ‘అలో డైనమిక్ ప్రాపర్టీస్’ అనే అనుమతి చీటీ అంటించే వీలుంది. ముట్టుకోలేని పాత కోడ్‌కైతే సరే. కొత్తగా రాసే కోడ్‌కూ అంటిస్తే వట్టి బద్ధకమే.

సంఘం సైట్ చూసుకునే కుర్రాళ్లు ఎర్రర్ లాగ్ తెరిస్తే చాలు. ఏ క్లాసులో, ఏ పేరు, ఏ ఫైల్లో ఎన్నో వరుసలో అన్నీ అందులోనే ఉంటాయి.