వంతుల కాగితంలో లేని మనిషి

తండ్రి దినవారాలు ముగిశాక చాలా పల్లెల్లో అరుగు మీద ఒక పంచాయితీ జరుగుతుంది. అప్పటికే పొలం పంచుకున్న అన్నదమ్ములు ఇప్పుడు తల్లిని పంచుకుంటారు. పెద్దాడి దగ్గర నాలుగు నెలలు, నడిపోడి దగ్గర నాలుగు, చిన్నాడి దగ్గర నాలుగు. బియ్యం ఎవరు పెట్టాలి, మందుల ఖర్చు ఎంతెంత, ఆసుపత్రిలో చేర్పిస్తే ముందు ఎవరు డబ్బు కట్టాలి అన్నీ తేలతాయి. పెద్దమనుషుల ముందు కాగితమూ రాసుకుంటారు. ఒక్క సంగతి మాత్రం అందులోకి ఎక్కదు. రేపు ఆమె మంచాన పడితే అర్ధరాత్రి లేచి పక్కకు తిప్పేదెవరు? తడిసిన పక్కబట్ట మార్చేదెవరు? అరుగు మీద కూర్చున్న మగవాళ్లకు ఆ ప్రశ్న తట్టదు. తలుపు చాటున నిలబడి వింటున్న కోడళ్లకు జవాబు ముందే తెలుసు.

వృద్ధుల విషయంలో మన ప్రభుత్వాల విధానం ఈ వంతుల కాగితాన్నే పోలి ఉంది. అందులో డబ్బు లెక్క ఉంది, తప్పించుకునే కొడుక్కి శిక్ష ఉంది. చాకిరీ చేసే మనిషి మాత్రం ఎక్కడా కనిపించదు.

డబ్బు లెక్కలో తెలుగు రాష్ట్రాలు వెనకబడి లేవు. ఆంధ్రప్రదేశ్ 2024 జూలైలో వృద్ధాప్య పింఛనును రూ.4,000 చేసింది, ఇంటి గుమ్మానికే తెచ్చి ఇస్తోంది. పక్షవాతంతోనో, ప్రమాదంలో దెబ్బతినో, తీవ్రమైన కండరాల క్షీణతతోనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి రూ.15,000 ఇస్తోంది. తెలంగాణ 2019లో ఆసరా పింఛనును రూ.2,016కు పెంచింది. పేద వృద్ధులకు కేంద్రం వాటా మాత్రం 79 ఏళ్ల దాకా నెలకు రూ.200, 80 నిండితే రూ.500. పింఛను విలువను తక్కువ చేయలేం. కొంగున నాలుగు రూపాయలున్న ముసలమ్మ మాటకు ఇంట్లో విలువ ఉంటుంది, మనవడి చేతిలో పది రూపాయలు పెట్టగలిగిన తృప్తీ ఉంటుంది. కానీ పింఛను అన్నం పెడుతుందే గానీ వీపు తోమదు. రూ.15,000 పొందాలన్నా ఫలానా కారణంతో మంచాన పడ్డారని తేలాలి. ఏ పెద్ద జబ్బూ లేకుండా, వయసు మీదపడి ఏడాదికో మెట్టు దిగజారుతూ చివరికి మంచం పట్టినవారు ఆ మూడు కారణాల్లో దేని కిందా ఇమడరు. కాళ్లు ఆడుతున్నా ఇల్లు ఏదో, వీధి ఏదో గుర్తులేక తిరిగే మతిమరుపు రోగి అసలే ఇమడడు. దేశవ్యాప్త అధ్యయనం ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో ఒకరు రాత్రీ పగలూ కాపలా ఉండాల్సిందే.

ఇక శిక్ష. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం మంచి చట్టమే. లాయరుతో పని లేకుండా ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు రూ.10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని ఆనక మొహం చాటేస్తే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. అవసరమైతే ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. వృద్ధులను గాలికి వదిలేస్తే మూడు నెలల దాకా జైలు పడవచ్చు. ఇన్ని ఉన్నా రెండు చిక్కులు తీరలేదు. కన్నకొడుకును ఆర్డీవో ముందు నిలబెట్టడానికి ఎంతమంది తల్లులకు నోరు వస్తుంది? వచ్చినా, ట్రిబ్యునల్ డబ్బు ఇప్పించగలదు, ఇల్లు ఇప్పించగలదు. నీళ్లు పోయించడం, నోట్లో ముద్ద పెట్టించడం ఏ ఉత్తర్వుకూ సాధ్యం కాదు. పైగా మనం నిర్లక్ష్యం అని తిట్టిపోసే వాటిలో కొన్ని నిజానికి అలసటలు. మూడేళ్లుగా కంటినిండా నిద్రలేని మనిషి ఒకరోజు విసుక్కుంటే, ఆ విసుగు ఒక్కటే లోకానికి వినిపిస్తుంది.

ఆ మనిషి ఎవరో గణాంకాలు సూటిగానే చెబుతున్నాయి. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15-59 ఏళ్ల మహిళల్లో 41 శాతం ఇంట్లోవారి సంరక్షణలో పాలుపంచుకుంటున్నారు. వారు రోజుకు సగటున 140 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నారు. మగవారిలో పాలుపంచుకునేది 21.4 శాతం, వెచ్చించేది 74 నిమిషాలు. ఇందులో పిల్లల పెంపకమూ కలిసే ఉంది. కానీ పసిబిడ్డ పనికీ మంచాన పడ్డ పెద్దల పనికీ పోలిక లేదు. బిడ్డ పని నెలనెలా తేలికవుతుంది, బిడ్డ నడక నేర్చుకుంటుంది, బడికి పోతుంది. ఇక్కడ భారం నెలనెలా పెరుగుతుంది, ముగింపు ఎప్పుడో తెలియదు, ముగియాలని కోరుకోవడమూ పాపంగా తోస్తుంది. పత్తి ఏరడానికో, ఉపాధి పనికో వెళ్లే కోడలు ఇంట్లో ఆగిపోతే ఆ కూలీ పోయినట్టే. చాలా ఇళ్లలో కోడలు కూడా ఉండదు. డెబ్బై అయిదేళ్ల భర్తను మోకాళ్ల నొప్పులతో అరవై ఎనిమిదేళ్ల భార్య లేపి కూర్చోబెడుతుంది. ఆమె వృద్ధురాలే, ఆమే సేవకురాలు. ప్రభుత్వం లెక్కలో ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరు వృద్ధులే, వారిలో ఒకరు చేస్తున్న చాకిరీ లేదు.

మునుముందు ఇలాంటి ఇళ్లే ఎక్కువవుతాయి. 2022లో దేశ జనాభాలో పదో వంతుకు కాస్త పైగా ఉన్న 60 ఏళ్లు దాటినవారు 2050 నాటికి అయిదో వంతు దాటుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత నాటికే సంతాన రేటు ఆంధ్రలో 1.7కు, తెలంగాణలో 1.8కు పడిపోయింది. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఎక్కువమంది పిల్లల్ని కనమని నాయకులు పిలుపునిస్తున్నారు. కానీ ఇవాళ పుట్టే బిడ్డ అమ్మమ్మను ఎత్తి కూర్చోబెట్టేంతవాడయ్యేసరికి ఇరవై ఏళ్లు పడుతుంది. అమ్మమ్మ అన్నాళ్లు ఆగదు. ఉన్న బిడ్డలైనా ఊళ్లో ఉంటారా? గల్ఫ్‌కు కూలికి వెళ్లిన జగిత్యాల కొడుకు, డల్లాస్‌లో ఉద్యోగం చేసే గుంటూరు కూతురు డబ్బు పంపగలరు, వీడియో కాల్‌లో పలకరించగలరు. కాలుజారి పడిన రాత్రి తలుపు తీసేది మాత్రం పొరుగింటివారే. డబ్బున్నవారికి నగరంలో కేర్‌టేకర్ దొరుకుతుంది. కానీ పగలూ రాత్రీ ఉండే మనిషికి ఇవ్వాల్సిన నెల జీతం చిన్న ప్రైవేటు ఉద్యోగి సంపాదనను మింగేస్తుంది. ఆ మనిషిని పంపే బ్యూరో ఏ శిక్షణ ఇచ్చిందో అడిగే నాథుడు లేడు.

మరి దారి లేదా? పొరుగునే ఉంది. కేరళలోని కోళిక్కోడ్‌లో 1993లో నొప్పి ఉపశమనం కోసం చిన్న సొసైటీగా మొదలైన పని, 2001 నాటికి ఇరుగుపొరుగు వలంటీర్ల వలయంగా అల్లుకుంది. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ (ఉపశమన సంరక్షణ) విధానం ప్రకటించి బాధ్యతను పంచాయతీలకు అప్పగించింది. శిక్షణ పొందిన నర్సు వాహనంలో ఇంటికొచ్చి పడక పుండ్లు శుభ్రం చేస్తుంది, యూరిన్ ట్యూబు మారుస్తుంది, ఇంటివాళ్లకు ఎలా తిప్పాలో, ఎలా తుడవాలో నేర్పుతుంది. మంచాన పడ్డవారిని చూసుకునే మనిషికి నెలకు రూ.600 ఇచ్చే ‘ఆశ్వాసకిరణం’ పథకమూ ఆ రాష్ట్రంలోనే ఉంది. ఆ మొత్తం చిన్నది, బకాయిలు పేరుకుపోయాయన్న విమర్శా ఉంది. అయినా సేవ చేసే మనిషిని పేరుపెట్టి గుర్తించిన పథకం అది. తెలంగాణలోనూ జిల్లాల్లోని పాలియేటివ్ కేంద్రాల నుంచి ‘ఆలన’ వాహనాలు ఇళ్లకు వెళ్తున్నాయి. ఎక్కువగా క్యాన్సర్ రోగుల కోసం మొదలైన ఆ సేవను మంచాన పడ్డ ప్రతి వృద్ధుడి గుమ్మం దాకా తీసుకెళ్లడమే మిగిలింది. ఆరోగ్య ఉపకేంద్రాలు అందించాల్సిన పన్నెండు రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ సేవ ఇప్పటికే ఉన్నాయి. వాటిని కాగితం మీంచి గడపలోకి దించాలి.

దించడానికి ఆకాశం నుంచి కొత్త వ్యవస్థ ఊడిపడనక్కర్లేదు. ఏఎన్‌ఎం, ఆశా, డ్వాక్రా మహిళలు ఇప్పటికే ఊళ్లకు అందుబాటులో ఉన్నారు. ఆసుపత్రి నుంచి పక్షవాత రోగిని డిశ్చార్జి చేసే ముందు, బిల్లు చేతికిచ్చినట్టే, ఇంటి మనిషికి ఒక గంట శిక్షణ ఇవ్వాలి. తల పైకెత్తే మంచం, ఎయిర్ బెడ్, వాకర్, చక్రాల కుర్చీ కొనలేని ఇళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అరువివ్వాలి. ఒకరికి అవసరం తీరాక ఇంకొకరికి వెళ్తాయి. ఉద్యోగులకు కన్నవారి కోసం కొన్ని రోజుల ప్రత్యేక సెలవు కావాలి. పిల్లల సంరక్షణకు కేంద్ర మహిళా ఉద్యోగులకు 730 రోజులు ఇచ్చిన దేశంలో ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. సేవ చేసేవారికి ఇచ్చే భత్యం, ఎంత చిన్నదైనా, ఆమె సొంత ఖాతాలోనే పడాలి. లేకపోతే అదీ వంతుల లెక్కలో కలిసిపోతుంది.

వీటన్నిటికంటే ముందు కావలసింది విరామం. చాలా ఊళ్లకు ఇప్పటిదాకా అందనిది అదే. 1975లో అంగన్‌వాడీ పుట్టినప్పుడు అది బిడ్డకు తిండి పెట్టడంతో పాటు తల్లికి కొన్ని గంటలు ఇచ్చింది. ముసలివాళ్ల కోసం ఊరికొక పగటి కేంద్రం ఉంటే, మధ్యాహ్నం నాలుగు గంటలు వారిని అక్కడ దించి రాగలిగితే, ఆ నాలుగు గంటల్లో ఒక కోడలు కూలికి వెళ్తుంది, ఒక భార్య తన మోకాళ్లు డాక్టరుకు చూపించుకుంటుంది, ఒక కూతురు ఊరికే నిద్రపోతుంది. కదలలేనివారి దగ్గరికి వారానికి రెండు పూటలు శిక్షణ పొందిన డ్వాక్రా మహిళ వచ్చి కూర్చుంటే ఆమెకూ జీతం, ఇంటికీ ఊపిరి.

ప్రభుత్వం చేయి వేస్తే పిల్లలు బాధ్యత వదిలేస్తారని కొందరి భయం. అత్తమామల సేవ కోడలి విధి అని మనలాగే గట్టిగా నమ్మిన సమాజం జపాన్‌ది. ఆ దేశం 2000లో దీర్ఘకాలిక సంరక్షణ బీమా తెచ్చింది. 40 ఏళ్లు దాటిన ప్రతివారూ ప్రీమియం కడతారు, అవసరమైనవారికి ఇంటికి మనిషి వస్తుంది, పగటి కేంద్రం ఉంటుంది. సంస్కృతి ఒక్కటే ఆ బరువు మోయలేదని ఆ సమాజమే ఒప్పుకుంది. ఖర్చు మాటకొస్తే, 70 ఏళ్లు దాటినవారికి 2024 నుంచి ఇస్తున్న రూ.5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రి పడకకే పనికొస్తుంది. ఇంట్లో సకాలంలో శుభ్రం చేయని పడక పుండు చివరికి ఆ కార్డు మీదే ఆసుపత్రికి చేరుతుంది. ముందే ఇంటికి నర్సును పంపడం దానికంటే చవక.

అన్నదమ్ముల పంచాయితీలో పెద్దమనుషులు అడగని ప్రశ్నను ప్రభుత్వం అడగాలి. ఇంటికి పింఛను తెచ్చే ఉద్యోగి ఆ గుమ్మంలో ఇంకో రెండు నిమిషాలు నిలబడి, ఈవిడను చూసుకునేది ఎవరమ్మా, నీ పేరేంటి అని అడిగి రాసుకోవాలి. వంతుల కాగితంలో ఆమె పేరు ఎక్కితేనే సర్కారు వంతు ఎంతో తేలుతుంది.