గాలిమరయు, పొరుగువారి గోడయు

గత ఆషాఢమున ఒకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, మన విద్యార్థి యొకని తండ్రిగారు చేత ఒక కాగితము పట్టుకొని మా గదికి వచ్చిరి. ఆయన మనస్సు కుదుటగా లేదని చూడగనే తెలిసినది. తన మిద్దెపై ఒక చిన్న గాలిమరను నిలిపిరట. ప్రక్కయింటివారు అభ్యంతరము తెలుపుచు అర్జీ పెట్టుకొనిరట. దానిపై వచ్చిన తాకీదు తమిళమున నుండుటచే, అందలి అర్థము చెప్పి ప్రత్యుత్తరము వ్రాసిపెట్టుమని మమ్ము కోరిరి. "అయ్యవారూ! మిద్దె నాది, డబ్బు నాది, గాలి దేవుడిచ్చినది. నడుమ ఆయనకేమి నొప్పి?" అని ఆయన ప్రశ్న.

రెండు దినములు గడువకమునుపే ఆ ప్రక్కయింటి పెద్దాయనయు వచ్చిరి. వారి మనుమరాలును మన తొమ్మిదవ తరగతిలోనే చదువుచున్నది. "రాత్రి పదింటికి పడుకొంటే తెల్లవారుజాముకు గాని కన్ను మూతపడదు అయ్యవారూ. తలాపున ఎవరో వడ్లు దంచినట్టుంది. ఇంట్లో మా ఆవిడ ఆరోగ్యము సరిలేదు" అని వారు చెప్పుకొనిరి. ఇందులో ఎవరు అసత్యమాడుచున్నారు? ఎవరును కారు. నిన్నటివరకు ఒకే డబ్బాలోని చిత్రాన్నము పంచుకొని తిన్న ఆ పిల్లలిద్దరును ఇప్పుడు ఒకరి ముఖ మొకరు చూచుకొనుట లేదు. మాకు బాధ కలిగించినది ఇదియే. మేము ఎవరి పక్షముననైనను జాబు వ్రాయుటకు సమ్మతింపక, ఈ విషయమై తెలిసికొనదగిన దానిని తెలిసికొని, మన సంచికలో అందరియెదుట పెట్టుట మేలని తలచితిమి.

మొదట గాలి సంగతి. మేము అనంతపురము సీమలో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో, సెలవునాడు మిత్రులతో రామగిరి కొండలకు పోయి అచ్చటి గాలిమరలను చూచితిమి. ఆ మహాయంత్రములను చూచిన కంటికి, ఇంటిమీది చిన్న మరయు అట్లే పనిచేయునని తోచుట సహజము. కాని గాలికి ఒక కఠినమైన లెక్క కలదు. గాలి వేగము సగమైనచో దానియందలి శక్తి సగము కాదు, ఎనిమిదవ వంతగును. రెక్కలు తిరుగు చుట్టు రెట్టింపు వెడల్పైనచో శక్తి నాలుగింతలగును. తొమ్మిదవ తరగతి పిల్లలచేత నల్లబల్లపై ఈ లెక్క చేయించితిమి. రెక్కలు రెండు మీటర్ల ఇరువది సెంటీమీటర్ల చుట్టులో తిరుగు మరకు, సెకనుకు నాలుగు మీటర్ల గాలి తగిలిన వేళ, ఆ గాలిలో ఉండునది సుమారు 146 వాట్లు. అందు నూటికి 59 పాళ్ళకు మించి ఏ యంత్రమును గ్రహింపజాలదని ఆల్బర్ట్ బెట్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నిరూపించియున్నాడు. చిన్న మరకు 30 పాళ్ళు చిక్కినను గొప్పయే. అనగా 44 వాట్లు. ఇంటిలోని పాత పంకా ఒకటి తిరుగుటకు 70 వాట్లు కావలెను! లెక్క ముగిసినంతనే తరగతియంతయు నవ్వినది. ఆ తండ్రిగారి కుమారుడు మాత్రము నవ్వలేదు. ఆ లెక్కను ఆనాడు ఆ తరగతిలో చేయించుట మా పొరపాటేమో యని పిదప అనుకొంటిమి.

ఇండ్లమధ్య గాలి మరింత చెడును. గోడలకు, నీటితొట్లకు, చెట్లకు కొట్టుకొని సుడులు తిరిగిన గాలి రెక్కలను నిలుకడగా త్రిప్పదు. యంత్రమును కుదిపి చప్పుడు మాత్రము పెంచును. చుట్టుపట్ల 500 అడుగుల దూరములోనున్న ప్రతి అడ్డుకన్నను కనీసము 30 అడుగులు ఎత్తున రెక్కల అడుగుభాగ ముండవలెనని ఈ విద్య తెలిసినవారు చెప్పుదురు. ఈ మాట ప్రక్కనబెట్టి ఇండ్ల కప్పులపైననే మరలు నిలిపి చూచిన దేశము బ్రిటను. అచ్చట వార్విక్ పేరిట జరిగిన పరిశీలనలో 26 గాలిమరలను ఏడాది పైచిలుకు గమనించి, 2009లో నివేదిక వెలువరించిరి. ఆపివేసియుంచిన కాలమునుకూడ కలుపుకొని, ఒక్కొక్క మర దినమునకు సగటున ఇచ్చినది 214 వాట్-గంటలు. ఏడాదికి లెక్కించిన 78 యూనిట్లు! మనలో ఒక నడితరగతి కుటుంబము నెల తిరుగకమునుపే అంత విద్యుత్తు వాడుకొనును. ఆపివేసియుంచుటకు గల కారణములలో పొరుగువారి ఫిర్యాదులును ఉన్నవి. సముద్రములకావలనున్న ఆ దేశమునందును మన వీధి కథయే!

ఐనను ఇంగ్లండువారు గాలిమరలను నిషేధింపలేదు. 2011 డిసెంబరునుండి వారు అమలుపరచిన నియమములు మనము చదువదగినవి. నేలపై నిలుపు చిన్న మర కొన్ని కొలతలకు లోబడినచో, ఇంటివారు ప్రత్యేకానుమతికై ఏ కార్యాలయము చుట్టును తిరుగనక్కరలేదు. రెక్క కొనవరకు మొత్తము ఎత్తు 11.1 మీటర్లు మించరాదు. రెక్కలు ఊడ్చు వైశాల్యము 3.8 చదరపు మీటర్లు దాటరాదు. రెక్క అడుగుభాగము నేలకు 5 మీటర్ల పైన నుండవలెను. పెరటికి ఒక్కటే మర. అన్నిటికన్న ముఖ్యమైనది, మర ఎంత ఎత్తో అంతకు పదవ వంతు కలిపిన దూరము సరిహద్దునుండి విడువవలెను. కూలినను మన నేలపైననే కూలవలెనని దీని భావము. అక్కర తీరిన పిమ్మట వీలైనంత త్వరగా దానిని తొలగింపవలెను. కప్పుపై నిలుపదలచినచో ఇరుప్రక్కల ఏ ఇంటినీ అంటని విడి ఇల్లు కావలెను.

మన లెక్కల పంతులుగారితో కూర్చుండి ఈ కొలతలను మన వీధులకు అన్వయించి చూచితిమి. 11.1 మీటర్ల మరకు నలుదెసల 12.2 మీటర్లు, అనగా 40 అడుగులు విడువవలెను. కావున 80 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు గల స్థలము, అనగా 6,400 చదరపు అడుగులు కావలెను. మనవారు చీట్లు కట్టి, నగలు కుదువపెట్టి కొనునది 30కి 40 అడుగుల స్థలము, 1,200 చదరపు అడుగులు. అట్టి స్థలము నట్టనడుమ నిలిచినను ప్రక్కగోడ 15 అడుగుల దూరముననే యుండును. ఆ దూరమునకు తగిన మర ఎత్తు 13 అడుగుల పైచిలుకు మాత్రమే. రెక్క అడుగే నేలకు 16 అడుగుల పైన నుండవలెనను నియమము వేరొకటి కలదు గదా! అనగా ఆ స్థలమున మర నిలుపుటకు వీలే లేదు. ఇది ఎవరి ద్వేషమువలననో కలిగిన ఆటంకము కాదు; కొలబద్ద చెప్పిన మాట.

కొలబద్ద ముందు లేకున్న ఏమగునో తెలుపు వ్యాజ్యెమొకటి అమెరికాలో జరిగినది. న్యూజెర్సీ రాష్ట్రమున, సముద్రపుటొడ్డునగల బ్రిగంటైను పట్టణములో, 1981లో ఒక కుటుంబమువారు విద్యుత్తు ఖర్చు తగ్గించుకొనుటకై అనుమతి పొంది, 60 అడుగుల స్తంభముపై గాలిమర నిలిపిరి. అది పొరుగువారి సరిహద్దుకు పది అడుగుల దూరమున నున్నది. పట్టణ నియమము ప్రకారము చప్పుడు 50 డెసిబెళ్ళు దాటరాదు. ఆ మర చప్పుడు 56 మొదలు 61 వరకు తేలినది. పొరుగువారికి నిద్ర కరవై, తల తిరుగుట, నీరసము మొదలైన బాధలు కలిగినవి. 1982లో న్యాయస్థానమువారు మరను ఆపవలెనని తీర్పు చెప్పిరి. విద్యుత్తు ఆదా చేయవలెనన్న తలంపు మంచిదే; ఐనను ఆ మంచితలంపు పొరుగువాని నిద్రకు పరిహారము కానేరదు. ఆ పది అడుగులు అనుమతి పత్రము నాడే నలువదియో ఏబదియో అయి యుండినచో, కట్టినవారి సొమ్ము, అభ్యంతరము చెప్పినవారి ఆరోగ్యము రెండును దక్కియుండెడివి కావా?

నియమ మెంత కఠినమైన అంత మేలని దీనినిబట్టి అనుకొనరాదు. అమెరికాలో అనేక పట్టణములయందు నివాసస్థలములలో ఏ కట్టడమును 35 అడుగులు మించరాదను పాత నియమము కలదు. అగ్నిమాపక యంత్రపు నీరు అంత ఎత్తువరకే చేరుచుండిన కాలమున అది పుట్టినదని చెప్పుదురు. దానినే గాలిమరకును వర్తింపజేసినచో, మర చెట్లకొమ్మల నడుమ నిలిచి తిరుగకుండును. అనుమతి చేతికి వచ్చును, గాలి మాత్రము రాదు. కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2009లో చేసిన చట్టము ఇందుకు భిన్నమైనది. ఒకటి మొదలు ఐదెకరముల భూమిలో 80 అడుగుల స్తంభమును, ఐదెకరములకు మించినచో 100 అడుగుల స్తంభమును స్థానికసంస్థలు ఒప్పుకొనవలెనని అది నిర్దేశించినది. చిన్న స్థలమునకు కట్టడి, విశాలమైన భూమికి స్వేచ్ఛ. ఈ పద్ధతియే న్యాయమని మా అభిప్రాయము. మన పల్లెలలో చేనినడుమ బావిగట్టున మర నిలుపదలచిన రైతును, ఇరుకు వీధిలోని ఇంటివానిని ఒకే త్రాట కట్టుట అవివేకము.

మన రాష్ట్రమునకు గాలిమరలు క్రొత్తవి కావు. పడమటి కనుమలలోని పాలక్కాడు, శెంకోట, ఆరల్వాయ్‌మొళి సందులగుండ నైరుతి ఋతుపవనము దూసికొనివచ్చు తావులలో వేలకొలది యంత్రములు తిరుగుచున్నవి. ఆడిమాసపు గాలికి అమ్మికల్లు సైతము ఎగురునని తమిళులు ఊరక అనలేదు. వీరపాండ్య కట్టబొమ్మనను 1799లో ఉరితీసిన కయత్తారు పేరు మన పిల్లలెల్లరు విన్నదే. గాలిమరలను పరీక్షించు కేంద్రమును నేడు ఆ కయత్తారునందే కలదు. తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు ఆ నల్లరేగడి సీమలో నేటికిని ఉన్నవి. పెద్ద యంత్రములను ఏ ఇంటికైనను 500 మీటర్ల దూరమున నిలుపవలెనని కేంద్ర ప్రభుత్వమువారు 2016లో మార్గదర్శకములు వెలువరించిరి. కాని మిద్దెమీది చిన్న మర మాట యేమి? తాకీదు పంపిన కార్యాలయమున మేము స్వయముగా విచారించితిమి. అచ్చటివారు మర్యాదగనే మాటాడిరి. ఇట్టి యంత్రమునకై ప్రత్యేకించిన నియమమేదియు మాకు చూపలేదు. "ఇరుగుపొరుగు మీరే సర్దుకొనుడు" అని సలహా యిచ్చిరి. సర్దుకొనుట ఇరువురి బలము సమానమైన చోట చెల్లును. లేనిచోట గొంతు పెద్దదైనవాడు గెలుచును, లేక ఇంట మగదిక్కు గలవాడు గెలుచును.

ఐనను మనకు ఆధారము బొత్తిగా లేకపోలేదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి పదిగంటలు మొదలు ఉదయము ఆరుగంటలవరకు 45 డెసిబెళ్ళు మించరాదు. పెద్దాయన "వడ్లు దంచినట్టు" అనిన మాటను, తండ్రిగారు "పిల్లి నడిచినట్టు" అనిన మాటను ఈ అంకె తీర్చగలదు. పడకగది కిటికీకడ ఒక రాత్రి కొలిచిన చాలును. బళ్ళు, ఆసుపత్రుల చుట్టు 100 మీటర్ల తావును నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చునని కూడ ఆ నియమములందు కలదు. మన బడి మిద్దెపై గాలిమర నిలుపవలెనని మొన్నటి సభలో ముచ్చటపడిన పెద్దలు ఈ మాటను కొంచె మాలోచింతురుగాక.

కావున మా మనవి యిది. మన తల్లిదండ్రుల సంఘమువారు పంచాయతీలకును, పురపాలకులకును ఒక విన్నపము సమర్పింపవలెను. మర ఎత్తును సరిహద్దు దూరమునకు ముడిపెట్టవలెను. చప్పుడును అమ్మువాని మాటనుబట్టి కాక కొలతనుబట్టి నిర్ణయింపవలెను. నిలుపుటకు ముందే పొరుగువారికి తెలుపవలెను. ఐతే పొరుగువాని యిష్టమే చట్టము కాకూడదు. కొలతకు లోబడిన మరను అసూయచే ఎవరును ఆపజాలకుండవలెను. చెడిపోయి ఊరకున్న మరను దించుట నిలిపినవాని బాధ్యత. త్రుప్పుపట్టిన స్తంభముక్రింద పిల్లలాడుకొనుట మనకు వలదు. ఈ నియమమును ఒకే కాగితముపై, తమిళముతోబాటు తెలుగునను, కన్నడమునను అచ్చువేసి నోటీసు బల్లపై అంటింపవలెను. ఇది భాషాభిమానముచేత మాత్రమే చెప్పుటలేదు. ఆ తండ్రిగారు యంత్రము కొన్ననాడు ఒక తెలుగు కాగితము చదివియుండినచో, వేలకొలది రూపాయలు ఆ మిద్దెపై పెట్టియుండెడివారు కారు. ఆ సొమ్ముతో సూర్యరశ్మి పలకలు కొనవచ్చును. నూరు చదరపు అడుగుల తావున దినమునకు సుమారు నాలుగు యూనిట్లు వచ్చును, చప్పుడు రాదు.

ఇదంతయు ఆయనకు నోట చెప్పితిమి. ఆయన చాలసేపు పలుకలేదు. "అమ్మినవాడు ఈ లెక్క చెప్పలేదు అయ్యవారూ" అని మాత్రము అనిరి. పొలము దగ్గరి చెల్లెలిగారి చేనికి దానిని తరలింతునని తరువాత కబురంపిరి. ఇంకను తరలింపలేదు. ప్రస్తుతము రెక్కలను త్రాటితో కట్టివేసియుంచిరి. బడికి వచ్చు త్రోవలో మాకు దినమును కనబడుచున్నది. పెద్దాయన ఇంట రాత్రులు నెమ్మదిగా నున్నవట. పిల్లలిద్దరు మాత్రము భోజనవేళ ఇంకను వేరువేరు చెట్లక్రిందనే కూర్చుండుచున్నారు.